నూట పద్దెనిమిదో పేజీ

కెమెరాలు బిగించింది ఆగస్టు మొదటి వారంలో. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు సరిగ్గా వంద రోజులు. ఆ వంద రోజుల్లో కొరియాలో మా దేగు ఊళ్ళో ఏ తల్లీ కుదురుగా కూర్చోదు, నేను మామూలు రోజుల్లోనే కూర్చునే రకం కాదు. మూడో అంతస్తులో, పిల్లలు డబ్బు కట్టి కూర్చుని చదువుకునే మా రీడింగ్ రూమ్, కింద కోడి వేపుళ్ళ కొట్టు. ఆ మెట్లు రోజుకు ముప్ఫైసార్లు ఎక్కి దిగేదాన్ని. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదో ఒక పని సిద్ధంగా ఉంచుకునేదాన్ని.

మా దగ్గర యాభై రెండు సీట్లు. ఒక్కో సీటు చుట్టూ చెక్క గోడ, పైన ద్రాక్షపండంత కెమెరా. తల ఎటు తిరిగింది, కళ్ళు కాగితం మీదున్నాయా, పెన్సిలు కదులుతోందా, అన్నీ చూసుకుని అరగంటకోసారి తల్లి ఫోనుకు ఒక నంబరు పంపుతుంది. ధ్యాస నూటికి ఇంత అని. పక్క వీధి రీడింగ్ రూమ్ వాళ్ళు ముందే పెట్టారు. మేం పెట్టకపోతే పిల్లలు అటు పోతారని నా భయం. పెట్టాక మాత్రం, నిజం చెప్పొద్దూ, అందరికంటే ముందు పిచ్చి పట్టింది నాకే. ఏడో సీటు మా అమ్మాయి హేవోన్‌ది. నిరుడు పరీక్షలో దెబ్బతిని రెండోసారి రాస్తోంది. నేను గదికి పది అడుగుల దూరంలో కౌంటర్ దగ్గరుండి కూడా పిల్లను చూడకుండా పిల్ల నంబరు చూసేదాన్ని.

మా ఆయన ఆ వసంతం దాకా యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పేవారు. ఇరవై రెండేళ్ళు, ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు. చేరే పిల్లలు లేరని డిపార్ట్‌మెంట్ మూసేశారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే మనిషి పాడవుతాడని నేనే ఆయన్ని రీడింగ్ రూమ్‌లో పర్యవేక్షకుడిగా పెట్టాను. చప్పుడు చెయ్యని చెప్పులేసుకుని సీట్ల మధ్య తిరగాలి, కునికే వాళ్ళ భుజం తట్టాలి, రిజిస్టర్‌లో సీటు నంబరు ఎదురుగా నిద్ర, మెలకువ అని రాయాలి. అంతకుమించి పని లేదు.

కెమెరాలు బిగించే రోజున నిచ్చెన కింద నిలబడి అడిగారు.

"ఇది కొలిచేదేమిటి?"

"ధ్యాస."

"తల ఎటుందో కొలుస్తుంది. తలున్న చోటే ధ్యాస ఉంటే ఈ ప్రపంచంలో నాకు పాఠం చెప్పడం ఎంత సుఖంగా ఉండేది!"

"ఏదో ఒకటి కొలవాలి కదండీ. కొలతకందనిది అమ్మితే కొనేవాడెవడు? మీ డిపార్ట్‌మెంట్ అలాగేగా మూతపడింది?"

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆయన నిచ్చెన పట్టుకుని చివరి కెమెరా బిగించేదాకా అలాగే నిలబడ్డారు. ఆ రోజు రాత్రి గిన్నెలన్నీ ఆయనే తోమారు.

ఆదివారం తెల్లవారగానే ఫల్గోంగ్ కొండ ఎక్కేదాన్ని. పైన రాతి టోపీ పెట్టుకున్న బుద్ధుడున్నాడు, మనసారా అడిగితే ఒక్క కోరిక తీరుస్తాడని పేరు. ఆ వంద రోజులూ ఆ బండ మీద కాలు పెట్టే సందుండదు. చాప మీద నూట ఎనిమిది దండాలు పెట్టాలి. నేను చాప మీద తల ఆనే చోటికి కాస్త పైగా ఫోను పెట్టుకునేదాన్ని. వంగినప్పుడల్లా నంబరు ముక్కు కిందికి వచ్చేది. ఎక్కడిదాకా లెక్కపెట్టానో మర్చిపోయి మళ్ళీ మొదటినుంచీ పెట్టిన రోజులున్నాయి. నాదొక్కదాని సంగతే కాదు, చుట్టూ చూస్తే చాపకో ఫోను ఉండేది.

పక్క చాప తేయుల్ వాళ్ళమ్మది. ఆమె కొడుకు తేయుల్ కూర్చునేది మా పంతొమ్మిదో సీటులో. దండానికీ దండానికీ మధ్య రొప్పుతూ అడిగేది.

"మీ పిల్లదెంతొచ్చింది?"

"ఎనభై నాలుగు."

"అదృష్టవంతురాలివి. మావాడిది యాభై తొమ్మిది. బుద్ధుడి మొహం చూడ్డానికే సిగ్గేస్తోంది నాకు."

"ఇంకా తొంభై రోజులుంది కదా, పెరుగుతుందిలే."

"పెరక్కపోతే నిన్నొదలను," అని నవ్వి మళ్ళీ వంగేది. నవ్వులో నవ్వు ఉండేది కాదు.

కొండ దిగి ఇంటికొస్తే భోజనాల దగ్గర నాదే విచారణ.

"నిన్న మూడింటికేమైంది? డెబ్భై ఒకటికి పడింది."

"పెన్సిలు చెక్కుకున్నానమ్మా."

"అరగంటా?"

"చెక్కుకున్నాక ఒక లెక్క గురించి ఆలోచించాను."

"ఆలోచిస్తే నంబరెందుకు పడుతుంది?"

హేవోన్ అన్నం గిన్నెలోకి చూసేది. మా ఆయన దాని గిన్నెలో చేపముక్క వేసేవారు. పిల్ల పుల్లంత సన్నగా అయిపోతోందని అప్పట్లో నాకు అనిపించలేదు. అనిపించి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్నే, చెయ్యడంలో నాకెవరూ సాటిరారు.

సెప్టెంబర్ ఇరవై నాలుగున హేవోన్ పుట్టినరోజు. పుట్టినరోజున సముద్రపు నాచు పులుసు తాగించని తల్లి తల్లే కాదంటారు మావాళ్ళు. పరీక్ష ముందు అదే పులుసు తాగితే నాచు మీద కాలేసినట్టు జారిపోతారనీ ఆ నోటితోనే అంటారు. నేను బాగా ఆలోచించి పులుసు మానేసి, పక్కటెముకల కూర వండుదామనీ, తింటే యూనివర్సిటీ సీటు అంటుకుంటుందంటారని జిగురు బియ్యం ముద్దలు తెద్దామనీ అనుకున్నాను. తెల్లారి లేచి చూస్తే వంటింట్లో నువ్వుల నూనె వాసన. మా ఆయన కుండ నిండా పులుసు కాచి పెట్టారు.

"మీకేమైనా మతిపోయిందా?" ఒంటికాలి మీద లేచాను.

"అమ్మాయి పుట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఏడాదికోసారి ఆ సంగతి గుర్తు చెయ్యాలి కదా."

"పరీక్ష నెత్తిమీద పెట్టుకుని జారుడు పులుసు తాగిస్తారా ఎవరైనా?"

"నాచుకున్న జారుడు గిన్నెలోనే ఉంటుందే. పరీక్ష హాలు దాకా నడిచిరాదు."

ఈలోగా హేవోన్ వచ్చి కూర్చుంది. నా వైపు చూడకుండా రెండు గిన్నెలు తాగింది. "బావుంది నాన్నా," అంది. చాలా రోజుల తర్వాత దాని గొంతులో ప్రాణం వినిపించింది. నాకు అదీ తప్పుగానే తోచింది.

ఆ రోజు నంబరు అరవై ఎనిమిది.

సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే, చెప్పులు విప్పుకోనివ్వకుండా గుమ్మంలోనే పట్టుకున్నాను. "అరవై ఎనిమిది! చూశావా? నిరుడు పోగొట్టుకున్నది చాలలేదా? నీకోసం కొండెక్కి మోకాళ్ళు అరగదీసుకుంటుంటే నువ్వు రెండు గిన్నెల పులుసు తాగి కూర్చున్నావా? ఎవరి మీద కోపం తీర్చుకుంటున్నావే నువ్వు?" ఇంకా చాలా అన్నాను. అన్నీ గుర్తున్నాయి, రాయడానికి మనసొప్పడం లేదు. పిల్ల పొద్దుటి పులుసు గిన్నె సింకులో ఉంటే దాన్ని కడిగి బోర్లించి తన గదిలోకి వెళ్ళింది.

మర్నాడు నంబరు తొంభై ఏడు.

ఆ మర్నాడూ తొంభై ఏడే. తర్వాత తొంభై ఎనిమిది, తొంభై ఆరు, మళ్ళీ తొంభై ఏడు. నా అరుపులు పనిచేశాయనుకున్నాను. బుద్ధుడు విన్నాడనుకున్నాను. ఇంట్లో విచారణలు ఆగిపోయాయి. పిల్లకు రోజూ మాంసం, పండ్లు, మెత్తటి మాటలు. కౌంటర్ వెనక బోర్డు మీద 'ఏడో సీటు, వారం సగటు 97' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. అది చూసి కొత్తగా నలుగురు చేరారు. ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అన్న సామెత నాకోసమే పుట్టిందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. మా ఆయన ఆ బోర్డు ముందు నిలబడి అక్షరాలు చూసేవారు. చెప్పులు మార్చుకుని లోపలికి వెళ్ళేవారు.

అక్టోబర్ నడిమధ్యలో ఒకరోజు పదకొండింటికి తేయుల్ వాళ్ళమ్మ మెట్లెక్కి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. మా ఆయన కాగితాలు కొనడానికి బజారుకు వెళ్ళారు.

"హేవోన్ అమ్మా, ఒకటడుగుతాను, సూటిగా చెప్పు. సొంత బిడ్డ సీటుకో కెమెరా, పరాయి బిడ్డ సీటుకో కెమెరానా?"

"ఏం మాటలవి?"

"మీ పిల్లకు రోజూ తొంభై ఏడు. మావాడికి అరవై ఒకటి దాటదు. ఇంట్లో చూస్తే వాడు పుస్తకం వదలడు. రాత్రి వాళ్ళ నాన్న వాణ్ణి కొట్టబోయాడు, తెలుసా? నేనడ్డం పడ్డాను."

"మిషను అందరికీ ఒకటే. మీవాడు చదువుతున్నాడని నువ్వనుకుంటే సరా? మా ఆయన రోజూ కళ్ళారా చూసి రిజిస్టర్‌లో రాస్తున్నారు, ఉండు, చూపిస్తాను," అని పుస్తకం లాగి ఆమె ముందు పడేశాను. నిద్ర, నిద్ర, నిద్ర అని ఉంటుందని నా ధైర్యం.

అందులో నిద్రా మెలకువా అన్న మాటలే లేవు. మా ఆయన చీమతలకాయంత అక్షరాలతో గళ్ళు దాటించి ఏవేవో రాశారు. తేయుల్ వాళ్ళమ్మ వేలు పెట్టి పైకే చదివింది.

"'పంతొమ్మిదో సీటు. ఏడు నిమిషాలు పైకప్పు చూశాడు. తర్వాత తనలో తను నవ్వుకుని గబగబా రాశాడు. లెక్క పడింది.' 'పంతొమ్మిదో సీటు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. నిద్ర కాదు, అప్పజెప్పుకుంటున్నాడు. భుజం తట్టలేదు.' 'పంతొమ్మిదో సీటు. ఏడ్చినట్టున్నాడు. ముక్కు చీది మళ్ళీ మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. ఈ గదిలో వీడంత బాగా చదివేవాడు లేడు.'"

ఆమె కౌంటర్ మీద మోచేతులానించి చిన్నపిల్లలా ఏడ్చింది. "పైకప్పు చూసినప్పుడల్లా మార్కులు కోసేసిందన్నమాట మీ మిషను. నా బిడ్డ ఆలోచిస్తున్నాడే, ఆలోచిస్తున్నాడు!" అంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మంచి మనసుతోనే అడిగింది. "మీ పిల్లది కూడా చదువు, విందాం."

నేను వెనక్కి తిప్పి ఏడో సీటు వెతికాను.

సెప్టెంబర్ ఇరవై అయిదు. 'ఏడో సీటు. 118వ పేజీ. కళ్ళు వరస వెంట పోతున్నాయి, పెన్సిలు కదులుతోంది. కాగితం మీద గీత పడటం లేదు.' ఇరవై ఆరు. '118.' ఇరవై ఏడు. 'పొద్దున 118. సాయంత్రం 118.' అక్టోబర్ మూడు. 'నారింజ తొనలు ఒలిచి పేజీ మీద పెట్టాను. తిన్నది. తొక్క అదే పేజీ మీద ఉంది.' తొమ్మిది. '118.' ముందురోజుది రెండే మాటలు. 'ఇంకా అదే.'

"ఏం రాశారు?" అంది తేయుల్ వాళ్ళమ్మ.

"బాగా చదువుతోందని," అని పుస్తకం మూసేశాను.

ఆమె తొందరపడి మాటన్నందుకు నడుం వంచి క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోయింది. జేబులో ఫోను కదిలింది. తొంభై ఏడు.

మా ఆయన కాగితాల కట్టతో మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఎదురెళ్ళాను.

"ఇరవై రోజులు! ఇరవై రోజులు కళ్ళారా చూస్తూ ఊరుకున్నారా?"

ఆయన కట్ట కింద పెట్టారు.

"అదంతట అదే చెబుతుందనుకున్నాను."

"పరాయి పిల్లవాడి ముక్కు చీదడం కూడా రాసుకున్నారే! మీ సొంత పిల్ల మునిగిపోతుంటే గట్టు మీద కూర్చుని లోతెంతో రాసుకుంటారా? ఇదేనా మీ తత్వం? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అదిగో మీకే!"

"ధ్యాసను బలవంతంగా లాగలేం, ఎవరికి వాళ్ళే ఇవ్వాలి అని ఇరవై రెండేళ్ళు చెప్పాను," అన్నారు. తర్వాత తల దించుకున్నారు. "అది నిజమే. కానీ నేనూరుకున్నది అందుకు కాదు. భయమేసింది. నీకు చెబితే నువ్వు పిల్లనేమంటావోనని. పిల్లనడిగితే అది నన్నేమడుగుతుందోనని. ఉద్యోగం పోయినవాడు ఇంకొకరిని పని చెయ్యమని ఏ మొహంతో అంటాడే?"

కోపం పూర్తిగా పోలేదు. అయినా ఆయన్నింకేమీ అనలేకపోయాను. కింది కొట్టువాడు నూనె మార్చుతున్నట్టున్నాడు, మెట్లన్నీ పొగ. ఇద్దరం దగ్గుకుంటూ పైకెళ్ళాం.

మధ్యాహ్నం హేవోన్ భోజనానికి మిద్దె మీదికి వచ్చింది. కోడి కొట్టువాళ్ళు మిరపకాయలు ఆరబోసిన చాప పక్కన కూర్చుని ఆకులో చుట్టిన అన్నం ముద్దలు తింటోంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగా అడిగేశాను.

"నూట పద్దెనిమిదో పేజీలో ఏముందే?"

నమలడం ఆపింది. బెదురుతుందేమో అనుకున్నాను. బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది.

"తెలీదమ్మా."

"తెలీకపోవడమేమిటి?"

"నిజంగా చదివితే నంబరు పడిపోతుంది. పేజీ తిప్పితే పడుతుంది, ఆలోచిస్తే పడుతుంది, వెనక్కెళ్ళి చూసుకుంటే పడుతుంది. ఒకే పేజీ మీద కళ్ళు మెల్లగా కదుపుతూ, పెన్సిలు ఆడిస్తూ ఉంటే తొంభై ఏడొస్తుంది. తొంభై ఏడొచ్చిన రోజు నువ్వరవవు. మాంసం వండుతావు." నవ్వబోయింది, రాలేదు. "ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో చూశావుగా."

ఆరబోసిన మిరపకాయలు రెండు అటూ ఇటూ తిప్పాను.

"మరి రోజుకు పది గంటలు ఏమాలోచిస్తావు?"

"మొదట్లో ఏవేవో. ఇప్పుడేమీ లేదు." చేతిలో ముద్ద కిందపెట్టింది. "అమ్మా, నిజంగా చదవాలని మొన్న ప్రయత్నించాను. అక్షరాలు కనిపిస్తున్నాయి. మాటలూ తెలుసు. లోపలికి మాత్రం వెళ్ళలేకపోతున్నాను. ఒక వాక్యం చివరికొచ్చేసరికి మొదలు పోతోంది. మళ్ళీ వస్తుందంటావా? రాకపోతే?"

అప్పటిదాకా నా భయమంతా పరీక్ష గురించే. ఆ ప్రశ్న అడిగినప్పుడు దాని కళ్ళు చూశాక పరీక్ష సంగతి మర్చిపోయాను. నాలుగేళ్ళ వయసులో బస్సులో వెళుతూ కొట్ల పేర్లన్నీ కూడబలుక్కుని చదివిన పిల్ల అది. ఒక్కటి వదిలిపోతే బస్సాపమని ఏడ్చేది.

ఆ సాయంత్రమే ఏడో సీటు కెమెరా పీకేశాను. ఒక్కటే పీకితే అన్యాయమనిపించి వారంలో అన్నీ పీకించాను. తల్లులందరినీ పిలిచి, ఈ నంబర్లు అబద్ధం, నా పిల్ల తొంభై ఏడే అబద్ధం అని చెప్పాను. బోర్డు కూడా తుడిచేశాను. పదకొండుమంది పక్క వీధికి వెళ్ళిపోయారు. తేయుల్ వాళ్ళమ్మ మాత్రం కొడుకును మా దగ్గరే ఉంచింది.

ఆ రోజునుంచీ పొద్దున్నే రీడింగ్ రూమ్ తెరవకముందు ముగ్గురం పర్యవేక్షకుడి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. మా ఆయన కొత్త పద్ధతి పెట్టారు.

"పేజీ వద్దు. రోజుకొక్క వాక్యం. చదివి, పుస్తకం మూసి, నీ మాటల్లో మాకు చెప్పు. రాకపోతే రాలేదని చెప్పు. రాలేదని తెలియడం కూడా ధ్యాసే."

"ముప్ఫై రోజుల్లో ముప్ఫై వాక్యాలా? ఇట్లాగైతే పరీక్ష ఎప్పుడు..." అని మొదలుపెట్టి నోరు నొక్కుకున్నాను.

"అమ్మ కూడా ఒకటి చదవాలి," అంది హేవోన్.

సరేనన్నాను. ఫోను తీసుకెళ్ళి పిల్లలు ఫోన్లు దాచుకునే పెట్టెలో పడేశాను. నా వంతు వాక్యం ఏదో పాత చరిత్ర పాఠంలోది, రెండు వరసలు. మొదటి వరస చదివేసరికి పొయ్యి ఆర్పానా లేదా అని గుర్తొచ్చింది. రెండో వరసలో చెయ్యి దానంతటదే ఏప్రాన్ జేబులోకి పోయింది. అక్కడ ఫోను లేదు. మళ్ళీ పోయింది.

"నాలుగోసారి," అంది హేవోన్.

"ఏమిటే?"

"జేబు తడుముకోవడం. రెండు వరసలకి నాలుగుసార్లు."

మా ఆయన పకపకా నవ్వారు. పిల్లా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ నా పిల్లకు లేదని కొండ మీద దేవుణ్ణి పీడించింది ఏదో, అది నా దగ్గర ఒక్క వరసకి సరిపడా లేదు. నన్ను ఆ సీటులో కూర్చోబెట్టి కెమెరా పెడితే పది కూడా వచ్చేది కాదు.

మొదటి వారం హేవోన్ ఒక్క వాక్యమూ చెప్పలేకపోయింది. "రాలేదు" అనేది, మా ఆయన "సరే" అనేవారు. నేను కాలుగాలిన పిల్లిలా లేచి నీళ్ళు తాగొచ్చేదాన్ని. ఎనిమిదో రోజున ఒకటి చెప్పింది. తర్వాత రెండు రోజులు మళ్ళీ లేదు. నవంబర్ వచ్చేసరికి రెండు మూడు వాక్యాలు కలిపి చెప్పేది. వాటితో పరీక్ష గట్టెక్కదని ముగ్గురికీ తెలుసు. రాయడం మానేద్దామా అని ఒకసారి మా ఆయన అడిగారు. "వెళ్ళి చూస్తాను," అంది.

పరీక్ష రోజు చలి కరిచేస్తోంది. గేటు ముందు చిన్న తరగతుల పిల్లలు డోళ్ళు కొడుతూ అరుస్తున్నారు, సీటు అలాగే అంటుకోవాలని ఎవరో గేటు కమ్మీలకు పాకపు మిఠాయి అంటించారు. ఆయన్ని ఇంట్లోనే ఉండమన్నాను, పక్కనుంటే నేను ఏడుస్తానని. హేవోన్ నా చేతిలోంచి అన్నం డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. గేటు మూశారు. సగంమంది తల్లులు గుళ్ళకు వెళ్ళారు. మిగతావాళ్ళం అక్కడే నిలబడ్డాం. తేయుల్ వాళ్ళమ్మ నా పక్కనే నిలబడి పూసలు తిప్పుతోంది. నేను మాత్రం ఆ గేటు నుంచి బస్టాపుకీ, బస్టాపు నుంచి గేటుకీ ఎన్నిసార్లు తిరిగానో.

పదిన్నరకు పక్క గేటు తెరుచుకుంది. అన్నం డబ్బా పట్టుకుని హేవోన్ ఒక్కతే బయటికి వచ్చింది. తల్లులందరూ ఒక్కసారే తల తిప్పారు.

"అయ్యో, ఒంట్లో బాగాలేదా తల్లీ?" తేయుల్ వాళ్ళమ్మ ఎదురెళ్ళింది.

"బాగానే ఉన్నానండీ. మిగతా పేపర్లు రాయనని సంతకం పెట్టి వచ్చేశాను."

ఎవరో నాలుక చప్పరించారు. నా మొహం వేడెక్కిపోయింది. ఎన్ని రాశావు, ఎన్ని వదిలావు, ఇంకో ఏడాది పోయిందా అన్న ప్రశ్నలన్నీ గొంతులోకి వచ్చి కూర్చున్నాయి. హేవోన్ నా దగ్గరికి వచ్చింది. చలికి దాని ముక్కు ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మా, మొదటి పేపర్లో ఒక పాఠం వచ్చింది. సరస్సు గురించి. అది చదువుతూ ఉండిపోయాను. బాగుందని మళ్ళీ చదివాను. గంట కొట్టేశారు. పద్దెనిమిది ప్రశ్నలు మిగిలిపోయాయి."

"చదివావా?"

"చదివానమ్మా. మొదలునుంచి చివరిదాకా లోపలే ఉన్నాను. కొట్టిన గంట కూడా సరిగ్గా వినలేదు, పక్కమ్మాయి లేస్తే తెలిసింది. ఇక తర్వాత పేపరుతో అది చెరిగిపోకూడదనిపించింది. నీకు చెప్పాలనిపించింది."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. సంతోషమని చెబితే పూర్తి నిజం కాదు, ఆ ఏడాది పోయిన దుఃఖమూ అందులో ఉంది. అన్నం డబ్బా అందుకుని, "చెప్పు," అన్నాను. బస్సెక్కలేదు. నడక సాగించాం.

"ఎండాకాలమంతా పైనీళ్ళు వేడెక్కి తేలిగ్గా పైనే ఉండిపోతాయట. అడుగునీళ్ళు చల్లగా బరువుగా అడుగునే. రెండూ కలవవు. ఒకే సరస్సులో ఉంటాయి గానీ ఒకదానికొకటి తగలవు. అడుగున గాలి అయిపోతుంది. చేపలు అక్కడ ఉండలేవు..." పుస్తకంలో మాటలు కావవి, దాని మాటలు. అరచేతులు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూపిస్తోంది. నడుస్తుంటే నా బుర్రలోకి అన్నీ వచ్చాయి. వచ్చే ఏడాది, చుట్టాల మాటలు, ఖాళీ అయిన పదకొండు సీట్లు, గేటు దగ్గర చప్పరించిన నాలుక. ఒక్కొక్కటీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వెనక్కెళ్ళి పిల్ల మాటల్ని వెతికి పట్టుకున్నాను.

"వింటున్నావా?" ఆగింది హేవోన్.

"వింటున్నాను."

"అయితే చెప్పు. అడుగునీళ్ళకు గాలి ఎప్పుడందుతుంది?"

పేవ్‌మెంట్ నడిమధ్యలో నిలబడిపోయాను. పక్కనుంచి మా బస్సు వెళ్ళిపోయింది. పరీక్ష రాసేవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ క్షణాన తెలిసింది.

"పైనీళ్ళు చల్లబడి కిందికి దిగినప్పుడు," అన్నాను.

హేవోన్ నా మొహంలోకి చూసింది. ఎన్ని నెలలైందో అది నన్నలా తిన్నగా చూసి. "ఆఁ," అంది. "అక్కడితో అయిపోలేదమ్మా, చలికాలంలో ఇంకోటి జరుగుతుంది," అంటూ నా చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.